కోనో, బోలి, ఒక కవి డైరీ

బోలి అంటే పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో బమనా ప్రజలు కొలిచే పూజావస్తువు. లోపల ఒక చెక్క దిమ్మ ఉంటుంది. దానికి తెల్లటి నూలుగుడ్డ చుట్టి పైన మట్టి మెత్తుతారు. అంతటితో తయారీ మొదలవుతుందే తప్ప ముగియదు. కొలుపు జరిగిన ప్రతిసారీ బలిచ్చిన కోడి నెత్తురో మేక నెత్తురో దాని మీద పోస్తారు. చిరుధాన్యాలతో కాచిన బీరు చిలకరిస్తారు, కోలా గింజలు నమిలి ఆ రసం ఉమ్ముతారు. ఏళ్ల తరబడి ఇవన్నీ పొర మీద పొరగా పేరుకుని, ఎండి, బీటలు వారి, ముదురు రంగు పెచ్చు కడుతుంది. చాలా బోలీలు మూపురమున్న నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాయి, కొన్నిటిది మనిషి ఆకారం. ముఖం పోల్చుకునే వీలు దాదాపు ఏ బోలికీ ఉండదు. అసలు అది పదిమందికీ చూపించడానికి చేసిన వస్తువే కాదు. మాలి నుంచి ఫ్రాన్స్ చేరిన ఇలాంటి పూజావస్తువుల పెచ్చులను ఇటీవలి కాలంలో రసాయన పరీక్షలకు పెట్టినప్పుడు వాటిలో నెత్తురు జాడలు తేలాయి. ఊరివాళ్లకు ఎప్పుడూ తెలిసిన సంగతే అది.

ప్రతి ప్రాణిలోనూ న్యామ అనే శక్తి ఉంటుందని బమనాల నమ్మకం. వేటగాడు జంతువును కొట్టినప్పుడు, కమ్మరి ఇనుము కరిగించినప్పుడు ఆ శక్తి బయటపడుతుంది. దాన్ని పట్టి ఉంచగలిగినవాడు బాగుపడతాడు, చేతకానివాడు చెడిపోతాడు. బలి తరవాత బలిగా ఆ శక్తి బోలిలో పోగుపడుతుంది కాబట్టి పాతబడే కొద్దీ బోలి బలం పెరుగుతుంది. దాన్ని కాపాడే బాధ్యత దీక్షా సంఘాలది. నతోమో, కోమో, నామ, కోనో, చివర, కోరె అని ఈ సంఘాలు ఆరు. కోమో కమ్మరుల పెద్దరికంలో నడుస్తుంది. కోనో సంఘానికి ఏనుగు చెవులు, పక్షి ముక్కు కలిసిన పెద్ద చెక్క మాస్కు ఉంటుంది, దానికి కుట్టిన ఈకల దుస్తులుంటాయి, బోలీలుంటాయి. వీటన్నిటినీ ప్రత్యేకమైన గుడిసెలో భద్రపరుస్తారు. దీక్ష తీసుకోని మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు వాటిని చూడకూడదు. చూస్తే ప్రాణాల మీదకు వస్తుందని భయం. అవి బయటికి వచ్చినప్పుడు తలుపులు మూసుకుని ఇళ్లల్లో ఉండిపోతారు.

ఇలాంటి వస్తువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే పారిస్ చేరడం మొదలైంది. 1878లో ఏర్పడిన త్రొకాదేరో ఎత్నోగ్రఫీ మ్యూజియంలో అవి దుమ్ము పట్టి, కిక్కిరిసి, సరైన వివరాలు లేకుండా పడి ఉండేవి. వాటిని కళగా గుర్తించి మాట్లాడినవాళ్లలో ముందు వరసలో నిలిచినవాడు కవి గియోమ్ అపొలినేర్. ఆఫ్రికా, ఓషియానియా శిల్పాలకు లూవ్ర్‌లో చోటివ్వాలని 1909లోనే పత్రికలో రాశాడు. 1917లో కళావ్యాపారి పోల్ గియోమ్ తెచ్చిన ఆఫ్రికా శిల్పాల ఆల్బమ్‌కు ముందుమాట రాశాడు. తన గదిలో కూడా అలాంటి విగ్రహాలు పెట్టుకున్నాడు. ఆయన ఆరాధనలో కల్లాకపటం లేదు. కానీ ఆ విగ్రహాలు ఆయన చేతికి అందేసరికి వాటి ఊరు, గుడిసె, పూజారి, నెత్తురు అన్నీ ఎక్కడో దూరాన ఉండిపోయాయి. ఆయనకు దక్కింది రూపం ఒక్కటే. ఆ వస్తువును గుడిసెలోంచి పెళ్లగిస్తున్నప్పుడు పక్కనే నిలబడ్డ కవి, పెళ్లగించడంలో చెయ్యి వేసిన కవి మరొకాయన. ఆయన పేరు మిషెల్ లేరిస్.

లేరిస్ 1901లో పారిస్‌లో పుట్టాడు. 1924లో సర్రియలిస్టుల గుంపులో చేరి, 1925లో మొదటి కవితా సంపుటి వేసి, 1929లో ఆ గుంపు నుంచి బయటికి వచ్చాడు. ఆ తరవాత జార్జ్ బతాయ్ నడిపిన ‘డాక్యుమాన్’ పత్రికలో పని చేశాడు. మానవశాస్త్రవేత్త మార్సెల్ గ్రియోల్ పరిచయమైంది అక్కడే. అప్పటికి గ్రియోల్ పశ్చిమ తీరంలోని డకార్ నుంచి తూర్పు తీరంలోని జిబూతీ దాకా ఆఫ్రికాను అడ్డంగా దాటుతూ మ్యూజియం కోసం వస్తువులు సేకరించే యాత్రకు సన్నాహాలు చేస్తున్నాడు. లేరిస్‌ను కార్యదర్శిగా, దస్తావేజుల బాధ్యుడిగా తీసుకున్నాడు. అంతవరకు లేరిస్ పెద్ద చదువేదీ పూర్తి చేయలేదు. యూరప్ మీద విసుగు, ఆఫ్రికా మీద ఒక కల, వీటితోనే బయలుదేరాడు.

ఈ యాత్రకు ప్రభుత్వం అండ గట్టిగా ఉంది. 1931 మార్చిలో ఫ్రెంచి పార్లమెంటు దీని కోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. ఏప్రిల్‌లో పారిస్‌లోని శీతాకాల సర్కస్ భవనంలో బాక్సింగ్ పోటీ పెట్టి విరాళం పోగుచేశారు. బాంటమ్‌వెయిట్ ప్రపంచ చాంపియన్, పనామాకు చెందిన నల్లజాతి బాక్సర్ ఆల్ బ్రౌన్ ఆ రాత్రి యాత్ర కోసం రింగులో దిగాడు. మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ పాఠాల ఆధారంగా వస్తుసేకర్తలకు మార్గదర్శకంగా ఒక చిన్న పుస్తకం అచ్చయింది. రచయిత పేరు లేకుండా వచ్చిన ఆ పుస్తకం రాతలో ఎక్కువ భాగం లేరిస్‌దే. అందమైన నగ కంటే మామూలు డబ్బా ఒక సమాజం గురించి ఎక్కువ చెబుతుందని, ప్రతి వస్తువుకూ ఊరు, తేదీ, వాడకం, పేరు రాసి పెట్టుకోవాలని అందులో చెప్పారు. నియమాలు చక్కగానే ఉన్నాయి. వస్తువు యజమాని ఇవ్వనంటే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ఆ ఊళ్లల్లో తేలింది.

యాత్ర 1931 మే 19న ఫ్రాన్స్ నుంచి బయలుదేరింది. సెప్టెంబరు మొదటి వారానికి అప్పట్లో ఫ్రెంచి సూడాన్ అనే మాలిలో, సాన్ పట్నం చుట్టుపక్కల బమనా ఊళ్లకు చేరింది. 6వ తేదీన కేమేని అనే ఊళ్లో కోనో గుడిసె గ్రియోల్ కంట పడింది. లోపలికి వెళ్లాలంటే బలి ఇవ్వాలన్నారు ఊరిపెద్దలు. కోళ్లు తెప్పించారు. బలి ఇచ్చే మనిషి మాత్రం ఎంతకీ రాలేదు. పొద్దు గడుస్తోంది, ఒక్కో సాకూ వినిపిస్తోంది. ఊరివాళ్ల దగ్గర ఉన్న ఆయుధం ఆలస్యం ఒక్కటే. చివరికి గ్రియోల్ దుబాసీ చేత కబురు చెప్పించాడు: తమను ఎగతాళి చేస్తున్నారు కాబట్టి పది ఫ్రాంకులు తీసుకుని కోనో పూజావస్తువును అప్పగించాలి, లేదంటే లారీలో దాక్కున్న పోలీసులు పెద్దలను పట్టుకుని సాన్‌కు తీసుకుపోతారు. లారీలో పోలీసులెవరూ లేరు. అయినా ఆ బెదిరింపు పనిచేసింది, ఎందుకంటే వలస పాలనలో అలాంటి లారీ ఏ రోజైనా నిజంగానే రావచ్చునని ఊరివాళ్లకు తెలుసు.

కోనోను బయటికి తీసుకురావడానికి మాత్రం ఊళ్లో ఒక్క మనిషీ ఒప్పుకోలేదు. యాత్ర వెంట ఉన్న నౌకర్లు కూడా తాము చెయ్యి వేయం అన్నారు. గ్రియోల్, లేరిస్ ఇద్దరే గుడిసెలోకి వెళ్లి దాన్ని టార్పాలిన్‌లో చుట్టి బయటికి మోసుకొచ్చారు. ఊరిపెద్ద హడలిపోయి పరుగెత్తాడు. పెళ్లాం బిడ్డల కంట ఆ వస్తువు పడకుండా కర్రతో బాదుతూ వాళ్లను ఇంట్లోకి తోలాడు. మిగతా ఊరంతా ఖాళీ అయిపోయింది. చప్పుడు లేని వీధుల్లోంచి ఇద్దరూ నడుచుకుంటూ బండ్ల దగ్గరికి చేరారు. పది ఫ్రాంకులు చెల్లించారు. అదంతా లేరిస్ ఆ రోజు డైరీలో రాసుకున్నదే. తమ నడక దొంగల నడకలా ఉందని కూడా అందులోనే ఉంది.

మర్నాడు, 7వ తేదీన, ద్యాబుగు అనే ఊళ్లో ఇదే తంతు మళ్లీ జరిగింది. గుడిసెలో ఈకల దుస్తులకు కలిపి ఉన్న మాస్కును యాత్ర సభ్యుడు లుతెన్ వేటకత్తితో కోసి వేరు చేశాడు. లేరిస్ దాన్ని గుడ్డలో చుట్టాడు. దాంతోపాటు పాలు తాగే పందిపిల్ల ఆకారంలో, పదిహేను కిలోలకు తగ్గని బోలి ఒకటి దొరికింది. గడ్డకట్టిన నెత్తురుతో ఏర్పడ్డ ఆ గోధుమరంగు ముద్దను కూడా మూట కట్టారు. అప్పుడు తన గుండె గట్టిగా కొట్టుకుందని, నిన్నటి సంఘటన తరవాత తాము చేస్తున్న పని ఎంత ఘోరమైనదో మరింత స్పష్టంగా తెలిసొస్తోందని లేరిస్ రాశాడు. వెళ్లేటప్పుడు ఊరిపెద్ద, తనకిచ్చిన ఇరవై ఫ్రాంకులు తిరిగి ఇచ్చేయబోయాడు. లుతెన్ తీసుకోలేదు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బరువైన వాక్యం ఈ ఇరవై ఫ్రాంకుల గురించినదే. డబ్బు తీసుకుంటే అది అమ్మకమైపోతుంది. ఆ పెద్ద చివరి నిమిషంలోనైనా అది అమ్మకం కాదని చెప్పాలనుకున్నాడు. ఆ మాట మ్యూజియం రిజిస్టరులో ఎక్కడా ఎక్కలేదు, కవి డైరీలో మాత్రం మిగిలింది.

ఆ రోజే మరో ఊళ్లో లేరిస్ ఒంటరిగా గుడిసెలోకి వెళ్లాడు. తన వెనకాల ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు. వాళ్లు ఏమీ అనలేదు, అడ్డుపడలేదు. తెల్లవాడై పుట్టి చేతిలో కత్తి ఉంటే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో ఆ క్షణంలో తనకు తెలిసి విస్తుపోయానని, ఆ విస్మయం అసహ్యంగా మారడానికి కొంత సమయం పట్టిందని రాశాడు. అసహ్యం వెంటనే కలిగిందని రాసుకుంటే తనకు గౌరవంగా ఉండేది. అలా రాయలేదు. ముందు ధైర్యం, ఆ తరవాతే సిగ్గు అన్న వరసను ఉన్నదున్నట్టు ఉంచాడు. ఈ డైరీని నమ్మడానికి అంతకంటే మంచి కారణం లేదు. అదే నెలలో భార్యకు రాసిన ఉత్తరంలో ఈ పనికి దోపిడీ అన్న పేరే పెట్టాడు. నల్లవాళ్లను తెలుసుకోవడం, ప్రేమించడం జనానికి నేర్పే మిషతో వాళ్లను దోచుకుంటున్నామని వాపోయాడు.

అయినా యాత్ర ఆగలేదు, లేరిస్ కూడా విడిచి రాలేదు. సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా మాలిలోని సాంగాలో డోగన్ ప్రజల మధ్య ఉన్నాడు. అక్కడి మాస్కుల సంఘపు రహస్య భాషను ఊరి పెద్దల దగ్గర కూర్చుని రాసుకున్నాడు. 1948లో వచ్చిన ఆయన గ్రంథానికి అదే ఆధారం. డోగన్ ఊళ్ల నుంచీ వస్తువులు పెట్టెల్లోకి ఎక్కాయి. 1932లో ఇథియోపియాలోని గోందర్ చేరాక ఆయన అనుభవం మరో మలుపు తిరిగింది. అక్కడ జార్ అనే ఆత్మలు మనుషులను పూనుతాయని నమ్మకం. పూనకాలకు పెద్దదిక్కుగా ఉండిన మల్కామ్ అయ్యాహు అనే ముసలమ్మ ఇంట లేరిస్ నెలల తరబడి గడిపాడు. తన పేరున బలులు ఇప్పించాడు, నెత్తురు కారే గదిలో కూర్చుని పాటలు రాసుకున్నాడు. చేతిలో నోటుపుస్తకం ఉన్నంతకాలం తనకు పూనకం రాదని తెలిసి కుమిలాడు. కోనోను తాకడానికి భయపడని మనిషి, జార్ తనను తాకనందుకు బాధపడ్డాడు. ఇదే పట్నంలో అబ్బా అంతోనియోస్ చర్చి గోడలకున్న పాత వర్ణచిత్రాలను యాత్రవాళ్లు ఊడదీసి, వాటి స్థానంలో చిత్రకారుడు గాస్తోన్ లూయీ రూ వేసిన నకళ్లు అంటించారు.

1933 ఫిబ్రవరిలో యాత్ర ముగిసేనాటికి పోగైనవి సుమారు 3,600 వస్తువులు, వేల సంఖ్యలో ఫొటోలు, వందల కొద్దీ ఇథియోపియా రాతప్రతులు. ఆ వేసవిలో త్రొకాదేరోలో వాటి ప్రదర్శన జరిగింది. ‘మినోతోర్’ పత్రిక తన రెండో సంచికను మొత్తం యాత్రకే కేటాయించింది. వస్తువుల ఫొటోలు అందంగా అచ్చయ్యాయి. సేకరణ తీరు గురించి పారిస్‌లో ఎవరూ పెద్దగా అడగలేదు.

1934లో లేరిస్ తన డైరీని దాదాపు మార్పుల్లేకుండా గాలిమార్ సంస్థ ద్వారా అచ్చు వేయించాడు. ‘లాఫ్రిక్ ఫాంతోమ్’, అంటే ఛాయా ఆఫ్రికా, అన్న పేరు సూచించింది అక్కడ పని చేస్తున్న ఆంద్రె మాల్రో. కాంబోడియాలోని బాంతెయ్ శ్రీ ఆలయం నుంచి శిల్పాలు ఊడదీసినందుకు 1923లో అరెస్టయిన మాల్రో ఈయనే. పుస్తకం చూసి గ్రియోల్ మండిపడ్డాడు. పరిశోధకులకు ఆఫ్రికాలో దారులు మూసుకుపోతాయని, వలస అధికారులు నొచ్చుకుంటారని ఆయన భయం. ఇద్దరి స్నేహం అక్కడితో చెడింది. 1941లో ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1951లో కొత్త ముందుమాటతో మళ్లీ వచ్చింది. అప్పటికి లేరిస్ తన పాత డైరీ మీద కూడా కఠినంగా ఉన్నాడు. ఆఫ్రికాలో తాను వెతుక్కున్నది తన సొంత కలనే తప్ప ఎదురుగా ఉన్న మనుషులను కాదని ఒప్పుకున్నాడు.

ఈ మార్పుకు కారణం 1945లో చేసిన ఐవరీకోస్ట్ ప్రయాణం. అక్కడి కూలీల స్థితిగతులు చూడడానికి వెళ్లిన బృందంలో ఆయన ఒకడు. ఆ తరవాత మార్టినీక్ కవి ఎమే సెజేర్‌తో స్నేహం, 1947లో అలియూన్ జోప్ మొదలుపెట్టిన ‘ప్రెజాన్స్ ఆఫ్రికేన్’ పత్రికతో అనుబంధం ఏర్పడ్డాయి. 1950లో వలసవాదం ముందు మానవశాస్త్రవేత్త బాధ్యత గురించి ఒక ప్రసంగవ్యాసం రాశాడు. వలస పాలన నీడలో పుట్టిన శాస్త్రం ఆ పాలన చేసే అన్యాయాన్ని చూడనట్టు నటించడానికి వీల్లేదని ఆయన వాదన. అదే ఏడాది సెజేర్ వలసవాదం మీద తన ప్రసిద్ధ ప్రసంగపాఠం వెలువరించాడు. మ్యూజియాలు కట్టినంత మాత్రాన ఆక్రమణకు సమర్థన దొరకదని, ఆక్రమణకు లోనైన నాగరికతలు బతికి ఎదిగి ఉంటే అదే మేలని అందులో గట్టిగా వాదించాడు. 1953లో ‘ప్రెజాన్స్ ఆఫ్రికేన్’ కోరిక మీద అలాన్ రెనె, క్రిస్ మార్కర్, గిస్లాన్ క్లోకె తీసిన ‘విగ్రహాలూ చనిపోతాయి’ అనే డాక్యుమెంటరీని ఫ్రెంచి సెన్సార్ ఏళ్ల తరబడి ఆపేసింది. అద్దాల పెట్టెలో పెట్టిన పూజావస్తువు ప్రాణం కోల్పోతుందన్నది ఆ సినిమా సారాంశం.

ఆఫ్రికా కవుల స్పందన వేరు. సెనెగల్ కవి లియొపోల్డ్ సెడార్ సెంఘోర్ 1945లో వచ్చిన తొలి సంపుటిలోనే మాస్కులను పూర్వీకులుగా భావించి ప్రార్థించాడు. ఆయనకు అవి పరాయి వస్తువులు కావు, వంశంలోని పెద్దలు. 1966లో దేశాధ్యక్షుడి హోదాలో డకార్‌లో మొదటి ప్రపంచ నీగ్రో కళోత్సవం జరిపినప్పుడు, ఐరోపా మ్యూజియాల నుంచి కూడా ఆఫ్రికా శిల్పాలు తెప్పించి అక్కడివాళ్లకు చూపించాడు. అవి అరువు మీద వచ్చాయి, అరువు తీరగానే వెళ్లిపోయాయి. ఆ లెక్కన సెంఘోర్ ప్రార్థనకు, లేరిస్ డైరీకి మధ్య పని పంపకం లాంటిది కనిపిస్తుంది. వస్తువు ఎవరిదో సెంఘోర్ చెప్పాడు, ఎలా పోయిందో లేరిస్ చెప్పాడు.

లేరిస్ 1971 దాకా మ్యూజియంలోనే ఉద్యోగం చేశాడు. త్రొకాదేరో పాత భవనం కూల్చి కట్టిన కొత్త భవనంలో ఆ సంస్థ మ్యూజియం ఆఫ్ మాన్‌గా మారింది. తన చేతులతో మూట కట్టిన బోలి ఉన్న కట్టడంలోనే ఆయన గది. 1967లో ఝాక్లీన్ దెలాంజ్‌తో కలిసి నల్ల ఆఫ్రికా శిల్పకళ మీద పెద్ద గ్రంథం రాశాడు. 1990లో చనిపోయాడు. 2006లో సేన్ నది ఒడ్డున కే బ్రాన్లీ మ్యూజియం తెరిచినప్పుడు యాత్ర సేకరించిన వస్తువులు అక్కడికి మారాయి. ద్యాబుగు బోలి కూడా వాటిలో ఉంది.

లేరిస్ పోయాక ఆయన రాతలకు కొత్త పని పడింది. 2017 నవంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ బుర్కినా ఫాసో రాజధాని వాగదూగులో మాట్లాడుతూ ఆఫ్రికా వారసత్వ వస్తువులను తిరిగి ఇచ్చే ఏర్పాటు చేస్తామన్నాడు. దాని మీద సెనెగల్ రచయిత, ఆర్థికవేత్త ఫెల్వీన్ సార్, కళాచరిత్రకారిణి బెనెడిక్ట్ సవ్వా కలిసి 2018 నవంబరులో నివేదిక ఇచ్చారు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాకు చెందిన వస్తువులు కే బ్రాన్లీలోనే 70,000 దాకా ఉన్నాయని అందులో తేల్చారు. యుద్ధంలో కొల్లగొట్టినవాటితోపాటు శాస్త్రయాత్రల పేరుతో తెచ్చినవాటినీ తిరిగి ఇవ్వాల్సిన జాబితాలో పరిశీలించాలన్నారు. ఆ వాదనకు లేరిస్ సాక్ష్యం కూడా ఒక ఆధారం. సైన్యం ఎత్తుకెళ్లిన వస్తువుకు యుద్ధ రికార్డులుంటాయి. శాస్త్రవేత్త పది ఫ్రాంకులిచ్చి తెచ్చిన వస్తువు కాగితాల్లో కొనుగోలులాగే కనిపిస్తుంది. ఆ కాగితం వెనక ఏం జరిగిందో చెప్పడానికి, చెయ్యి వేసినవాడే రాసిన రోజువారీ లెక్క ఇంత వివరంగా దొరకడం అరుదు.

2020 డిసెంబరులో చేసిన చట్టం ప్రకారం అబొమే రాజప్రాసాదాల నుంచి తెచ్చిన 26 వస్తువులు మరుసటి ఏడాది బెనిన్‌కు చేరాయి, పంతొమ్మిదో శతాబ్దపు పశ్చిమాఫ్రికా ముస్లిం నేత హాజీ ఉమర్ పేరున్న కత్తి సెనెగల్‌కు దక్కింది. కేమేని, ద్యాబుగు వస్తువులు ఆ చట్టంలో లేవు. 2025లో కే బ్రాన్లీ మ్యూజియం డకార్–జిబూతీ యాత్ర మీద ఒక ప్రదర్శన పెట్టింది. దాని కోసం మాలి, సెనెగల్, బెనిన్, కామెరూన్, ఇథియోపియా, జిబూతీ పరిశోధకులు ఫ్రెంచి పరిశోధకులతో కలిసి పాత దారిలో మళ్లీ తిరిగారు. డైరీ, ఫొటోలు, రిజిస్టర్లు ఊళ్లకు తీసుకెళ్లి చూపించి, ఆ వస్తువులు పోయిన తీరు గురించి అక్కడివాళ్ల నోట విన్నది రాసుకొచ్చారు.